నెమ్మది పట్టా

1వ రోజు

ఈ దినచర్య నేను సరదాకి రాయడం లేదు. ప్రయాణిక పట్టా కావాలంటే శిక్షణ పొంది పరీక్ష పాసవ్వాలి, ముప్పై రోజుల పాటు ఏం జరిగిందో రాసి పంపాలి, శిక్షకురాలు చదవాలి. అదీ నిబంధన. చదివేది బెవర సుగుణ గారని చెప్పారు. అమ్మా, నమస్కారం. నా పేరు ముద్దాడ సింహాద్రి. వయసు నలభై రెండు. మహావలయం పందేల్లో ఆరుసార్లు విజేతని. గంటకి మూడు వందల అరవై కిలోమీటర్ల వేగం చూసినవాణ్ణి. బండిలో కుదురుగా కూర్చోవడం నేర్చుకోవడానికి ఇవాళ మీ కేంద్రంలో చేరాను. నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి, ముప్పై రోజులు దాచుకోవద్దు.

పోయిన నెల పందేలు మానేశాను. విలేకరులు చుట్టుముట్టి "తర్వాత ఏమిటి?" అని అడిగారు. "ఇంటికి వెళ్తాను" అన్నాను. చప్పట్లు మోగిపోయాయి. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇంటికి ఎలా వెళ్తావయ్యా అని మాత్రం ఒక్కడూ అడగలేదు.

మనిషి స్టీరింగు పట్టుకోవడం ఆ ఒక్క పందెం బాటలోనే చెల్లుతుంది. గేటు దాటితే ఎంతటివాడైనా పల్లకీ ఎక్కాల్సిందే. పల్లకీ తనంతట తనే పోతుంది. సీటు కింద నాడిపీట మనిషి గుండె వింటుంది. మనిషి బెదిరితే బండి నెమ్మదిస్తుంది. జనమంతా పుట్టిన దగ్గర్నుంచి అందులో నిద్రపోతూ పెరిగారు కాబట్టి వాళ్ళకి ఏ పట్టా అక్కర్లేదు. నన్నేమో ఇరవై ఏళ్ళ పాటు జట్టువాళ్ళు మత్తుమందు ఇచ్చి, టైర్లతో పాటు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకుపోయారు. మెలకువగా పల్లకీలో కూర్చోవడం ఇదే మొదటిసారి.

మీ గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. రెండు గళ్ళున్నాయి. 'పూర్తి వేగం' అని ఒకటి, 'నెమ్మది' అని ఒకటి. రెండో గడి కింద చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. అది ఏ ముసలివాళ్ళ కోసమో అనుకుని చదవలేదు. మొదటిదానికి టిక్కు పెట్టి సంతకం చేశాను.

ఇవాళ్టి వేగం: 12. ముందు 3 వేయడం మరిచానని అనుకోకండి, పన్నెండే. నా వెనక నలభై పల్లకీలు ఆగిపోయాయి. ఒక్కరూ తిట్టలేదు, అందరూ నిద్రలో ఉన్నారు.

2వ రోజు

'మీకు పట్టా ఎందుకు?' అనే గడి నిన్న ఖాళీగా వదిలేశానట. రాస్తున్నాను.

నా భార్య దమయంతి మంచినీటి ఓడలో ఇంజనీరు. సముద్రం ఉప్పు తీసి ఊళ్ళకి పంపే ఓడ. ఈ నెలాఖరున మూడు నెలల డ్యూటీకి ఎక్కుతుంది. మాకు ఎనిమిదేళ్ళ కూతురు, నూకరత్నం. ఇన్నాళ్ళూ దాన్ని మా అత్తగారు చూశారు. నేను పందేలు మానేశానని టీవీలో విన్న మర్నాడే ఆవిడ సంచీ సర్దుకుని అరకులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. "ఎనిమిదేళ్ళు నాను మోసినాను. ఇంక మీ వంతు అల్లుడుగారూ" అని గుమ్మంలోనే చెప్పేశారు.

బడి భీమిలిలో. మా ఇంటికి పదకొండు కిలోమీటర్లు. పిల్లలు పల్లకీలో ఒంటరిగా పోకూడదు, పక్కన పెద్దవాళ్ళుండాలి. ఆ పెద్దవాడు మాజీ పందెగాడైతే పట్టా ఉండాలి. రాకపోతే రత్నాన్ని విజయనగరం హాస్టల్లో వేస్తాం. దమయంతి ముందుజాగ్రత్తగా ఆకుపచ్చ ట్రంకు పెట్టె కొని, మూత మీద తెల్ల రంగుతో 'ముద్దాడ నూకరత్నం' అని రాయించింది. అది హాల్లో ఉంది. పొద్దున్నే నేను కాఫీ తాగుతుంటే రత్నం దాని ముందు కూర్చుని గౌన్లు మడత పెట్టడం నేర్చుకుంటోంది. ఒక గౌను ఏడుసార్లు మడతపెట్టింది. నా వంక చూడలేదు.

అదమ్మా సంగతి. ఆ పెట్టె ఖాళీగా ఉండాలి. నాకు పట్టా కావాలి.

ఇవాళ్టి వేగం: 12.

5వ రోజు

వేగం: 11. తగ్గింది! ఇరవై ఏళ్ళలో ప్రాక్టీసు చేసినకొద్దీ వేగం తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

తప్పు నా కుడికాలిది. మలుపు వస్తే చాలు, లేని బ్రేకుని తొక్కుతుంది. మీ శిక్షణ బండి చాప అప్పుడే చిరుగు పట్టింది. నేను తొక్కగానే నాడిపీటకి తెలిసిపోతుంది, బండి నెమ్మదిస్తుంది, నాకు ఒళ్ళు మండుతుంది, నా మంట చూసి బండి ఇంకా నెమ్మదిస్తుంది. గోస్తనీ వంతెన దగ్గర బండి పూర్తిగా బయటి అంచున మలుపు తీసుకుంటే "లోపలికి తియ్యవోయ్!" అని అరిచాను. బండి ఆగిపోయి, పసిపిల్లని జోకొట్టే గొంతుతో "అయ్యా, కంగారు పడకండి. మీరు క్షేమంగా ఉన్నారు" అంది. నన్ను! క్షేమంగా ఉన్నానని నాకు చెప్తుంది!

ప్రయాణికుడికి ఉన్న అధికారం ఒక్కటేనని ఇవాళ పాఠం చెప్పారు. "ఆగు" అంటే బండి ఆగాలి. అది కూడా పెద్దవాళ్ళ గొంతుకే. పూర్వం పిల్లల మాట కూడా వినేదట, జీళ్ళ కొట్టు కనబడిన చోటల్లా ఆగిపోతోందని తీసేశారట.

ఇంటికొచ్చి గోడ వంక చూశాను. వీడ్కోలు రోజున జట్టువాళ్ళు నా స్టీరింగు ఊడదీసి ఇచ్చారు. అది ఆనవాయితీ. అయితే ఇంట్లో నిండు స్టీరింగు ఉండకూడదని చట్టం కాబట్టి, అందరి ముందూ రంపంతో పావు వంతు కోసి మరీ ఇచ్చారు. ఆ ముప్పావు స్టీరింగుకి రత్నం తన బడి సంచీ తగిలించింది. తగిలించడానికి బాగానే పనికొస్తోంది.

9వ రోజు

దొరికిందమ్మా కిటుకు!

పొద్దున్న విసుగెత్తి కళ్ళు మూసుకున్నాను. ఊరికే ఉండలేక మనసులో మహావలయం బాట మీద ఒక చుట్టు వేశాను. పద్దెనిమిది మలుపులు. ఎక్కడ బ్రేకు, ఎక్కడ గేరు, తొమ్మిదో మలుపు దగ్గర ఎంత ఊపిరి బిగించాలో అంతా వరసగా. ఆ తొమ్మిదో మలుపుని మేం కోడిమెడ అంటాం, ఎంతోమందికి అక్కడే మెడ విరిగింది. చుట్టు పూర్తిచేసి కళ్ళు తెరిచేసరికి మీ బండి యాభై ఆరులో పోతోంది!

తర్వాత తెలిసింది. నా గుండె మామూలు మనుషుల గుండెలా కొట్టుకోదు. ఇంట్లో సోఫాలో కూర్చుంటే తొంభై. పందెంలో మూడు వందలు దాటితే యాభై రెండు. చావు పక్కన ఉంటే తప్ప నాకు మనశ్శాంతి లేదని డాక్టరు ఎప్పుడో అన్నాడు, పొగడ్తనుకున్నాను.

నాడిపీట వేసే నిశ్చలత మార్కులు 94. నిన్నటిదాకా 20 దాటలేదు. పాసవడానికి అరవై చాలట.

13వ రోజు

వేగం: 58. నిశ్చలత: 96. మీ గుమాస్తా వచ్చి చెయ్యి కలిపాడు. ఈ కేంద్రంలో ఇంత ప్రశాంతమైన మనిషిని చూడలేదన్నాడు. నేను వినయంగా తల వంచాను. సుగుణ గారూ, మీరు మాత్రం నిన్నటి పేజీ పక్కన 'దారిలో ఏం చూశారో రాయండి' అని రాశారు. ఏముంటుందండీ చూడ్డానికి? రోడ్డు. చెట్లు. వంతెన.

20వ రోజు

రాత్రి భోజనాల దగ్గర రత్నం ఏదో అడిగిందట. నేను పలకలేదట. దమయంతి గరిట పట్టుకుని నా కాలి వంక చూసింది.

"ఏటి, ఇక్కడ కూడా తొక్కుతున్నావా?"

నిజమే. బల్ల కింద కుడికాలు కదులుతోంది. ప్రాక్టీసు మంచిదని అన్నం తింటూ రెండు చుట్లు వేస్తున్నాను.

"పందెం మానీసావు, బాగానే ఉంది. నీ కాలు మానీలేదు" అంది దమయంతి.

"పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. పిల్ల హాస్టలుకి పోకూడదంటావు, మళ్ళీ నా కాలు కదలకూడదంటావు. రెండూ కావాలంటే ఎలాగ?"

"నాకేటి కావాలో నాకే తెల్దు గానీ, నీకు చారు పోసి చాలాసేపైంది. చల్లారిపోనాది."

వేగం: 59.

24వ రోజు

పరీక్ష. ఇంటి నుంచి బడి దాకా పదకొండు నిమిషాల నలభై సెకన్లు. నిశ్చలత 97. జిల్లాలో రికార్డట. ఫలితం చూడగానే రెండు చేతులూ పైకెత్తి అరిచాను. చుట్టుపక్కల పల్లకీల్లో ఇద్దరు ముగ్గురు నిద్రలేచి నా వంక చూశారు. ఏడో కప్పు అనుకోండి!

ఇంటికొచ్చి ట్రంకు పెట్టెని అటక మీదికి ఎక్కించాను. రత్నం మెట్టు కింద నిలబడి చూసింది. "నిజంగా నువ్వే తీసుకెళ్తావా?" అంది. "మరేమనుకున్నావు మీ నాన్నంటే?" అన్నాను. అది పరుగెత్తుకెళ్ళి మడత పెట్టిన గౌన్లన్నీ తీసి మంచం మీద పారేసింది. ఇల్లంతా గౌన్లే. నాకు ఏ కప్పు గెలిచినప్పుడూ అంత సంతోషం లేదు.

26వ రోజు

సుగుణ గారూ, ఈ పేజీ నెమ్మదిగా చదవండి.

నిన్న పట్టా వచ్చింది. మీద బంగారు అక్షరాలతో 'ఉత్తమ ప్రయాణికుడు' అని ఉంది. ఇవాళ రత్నంతో మొదటి ప్రయాణం. అది నా కంటే ముందే తయారై, క్యారేజీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచీ మాటలే. లత టీచరు కొత్త కళ్ళజోడు, వెనక బెంచీ పిల్ల పెన్సిళ్ళు నమలడం. నేను "ఊఁ" అంటున్నాను. బండి పదమూడులో పోతోంది. గుండె కొట్టుకుంటోంది. మొదటిరోజే ఆలస్యమైతే బాగుండదని, కళ్ళు మూసుకుని చుట్టు మొదలుపెట్టాను.

చాలా గొప్ప చుట్టు పడిందమ్మా. కోడిమెడలో అంత శుభ్రంగా నేను నిజం పందెంలో కూడా తిప్పలేదు. చివరి మలుపు దాటి, గీత దాటి, కళ్ళు తెరిచాను. బడి గేటు. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. నా రికార్డు నేనే కొట్టాను.

పుల్లటి వాసన వచ్చింది.

రత్నం వాంతి చేసుకుంది. గౌను మీద ఒక్క చుక్క పడలేదు. క్యారేజీ తీసి రెండు పాదాల మధ్య జాగ్రత్తగా పెట్టుకుని, ఖాళీ గుడ్డసంచీలో చేసుకుని, సంచీ మూతి ముడి వేసి పట్టుకుని కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"నన్ను పిలవకపోయావా తల్లీ? ఆపించేవాణ్ణి కదా!"

"పిలిచాను నాన్నా. వంతెన ముందు మూడుసార్లు పిలిచాను. బండిని కూడా ఆగమన్నాను, అది నా మాట వినదు కదా." సంచీ ముడి ఇంకోసారి బిగించి మళ్ళీ అంది: "నాలుగోసారి పిలవలేదు. నీ కాలు కదులుతోంది. పందెంలో ఉన్నప్పుడు నాన్నని పిలవకూడదని అమ్మ చిన్నప్పుడే చెప్పింది."

సంచీ తీసుకున్నాను. అది మూతి తుడుచుకుని, క్యారేజీ పట్టుకుని, "పర్వాలేదులే నాన్నా, మొదటొచ్చాం కదా" అని నాకే ధైర్యం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయానమ్మా. ఇరవై ఏళ్ళు ఇంట్లో లేను, సరే, పొట్టకూటి కోసం అనుకున్నాను. ఇవాళ దాని పక్కనే, జానెడు దూరంలో కూర్చుని కూడా లేను. అలా లేకపోయినందుకే మీ నాడిపీట నాకు 97 వేసింది. పక్కన పిల్ల వాంతి చేసుకుంటుంటే చలించని మనిషి మీ లెక్కలో ఉత్తమ ప్రయాణికుడు!

కాబట్టి ఒప్పుకుంటున్నాను. తొమ్మిదో రోజు నుంచి నేను మోసం చేస్తున్నాను. నేను మీ బండిలో కూర్చోలేదు, పందెం బాట మీద ఉన్నాను. కిటుకు అంటూ గొప్పగా రాశాను కూడా, మీరు చదివే ఉంటారు. రేపటి నుంచి ఆ చుట్లు వేయను. వేయకపోతే నా మార్కులు ఇరవై. ఇరవైకి పట్టా ఉండదు, పిల్ల హాస్టలుకి వెళ్తుంది. అది తెలిసే ఈ పేజీ పంపుతున్నాను. పట్టా ఈ పేజీకి పిన్ను పెట్టాను.

దమయంతికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అటక మీంచి ట్రంకు దింపి, గుడ్డ పెట్టి దుమ్ము తుడిచింది. అది నాకు తిట్టు కంటే ఎక్కువైంది.

28వ రోజు

పొద్దున్న ఏడింటికి తలుపు తడితే తీశాను. మీరు. పేజీల్లో ఎర్రసిరాగా తప్ప మిమ్మల్ని అప్పటిదాకా చూడలేదు. ఇంత పొట్టిగా ఉంటారని అనుకోలేదు. జరిగిందంతా మీకు తెలుసు, అక్కడే ఉన్నారు. అయినా నిబంధన ప్రకారం రాస్తున్నాను.

"మీ పట్టా రద్దు చేశానండీ" అన్నారు మీరు, చెప్పులు విప్పకముందే.

"తెలుసండీ" అన్నాను.

దమయంతి మంచినీళ్ళు తెచ్చింది. రత్నం ట్రంకు మీద కూర్చుని ఉంది. మీరు దాని వంక, పెట్టె మీద పేరు వంక చూసి, సంచీలోంచి నా ఫారం తీశారు.

"ఇది మీ సంతకమేనా? ఈ రెండో గడి కింద ఉన్నది చదివారా?"

అప్పుడు చదివాను. 'ఎడమ వరసలో మాత్రమే ప్రయాణం. నిశ్చలత మార్కులతో పని లేదు. పిల్లలను బడికి చేర్చుటకు చెల్లును.'

ఇరవై ఎనిమిది రోజులు! నేను ఒక్క టిక్కు కిందికి పెట్టి ఉంటే మొదటిరోజే అయిపోయేది.

"మొదటి వారంలోనే చెప్పొచ్చు కదండీ!" అని మీ మీద అరిచాను. క్షమించండి.

"చెప్పాలనే ఫోన్ చేశాను. 'నెమ్మది' అనే మాట వినగానే పెట్టేశారు" అన్నారు మీరు. నాకు గుర్తొచ్చింది. ఏదో వెటకారం కాల్ అనుకున్నాను.

దమయంతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ నెలలో తను నవ్వడం అదే మొదటిసారి.

వెంటనే పరీక్ష అన్నారు. పల్లకీకి పసుపు జెండా కట్టారు. నిండుచూలాళ్ళకి, తొంభై దాటినవాళ్ళకి కట్టే జెండా. మీరు ముందు, రత్నం నేను వెనక. ఎడమ వరసలో మా ముందు ఒక పెళ్ళి మేళం, వెనక గేదెలు. నేను కళ్ళు తెరిచే కూర్చున్నాను. భయమేసింది. నిజం చెప్తున్నాను, కోడిమెడలో కూడా అంత భయపడలేదు. రెండు చేతులూ ఖాళీగా ఒళ్ళో ఉన్నాయి, వాటితో ఏం చేయాలో తెలియలేదు. బండి పదకొండులో పోయింది. వంతెన మీద నాలుగుకి పడిపోయింది.

అక్కడే చేపల ఎర్రయ్యమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని, నడుచుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. డెబ్భై ఏళ్ళుంటాయి. దాటి, ఆగి, కిటికీలోంచి తొంగి చూసింది.

"ఓలమ్మో, సింహాద్రి బాబే! ఏటి బాబూ, బండి మొరాయించేసినాదా?"

"లేదత్తా, బాగానే ఉంది. నేనే ఇలా పోతున్నాను."

"ఇస్సీ, మరి కప్పులెలాగ గెలిసినావు?" అనేసి వెళ్ళిపోయింది. మీ భుజాలు కదలడం నేను చూశాను.

అప్పుడు రత్నం "నాన్నా" అంది.

"ఆఁ."

"ఏం లేదు."

కాసేపటికి మళ్ళీ. "నాన్నా."

"ఆఁ, చెప్పమ్మా."

"ఏం లేదు, ఊరికే."

కొంగలు కనబడితే నాన్నా అంది. ఏమీ కనబడకపోయినా నాన్నా అంది. నేను కిటికీ వైపు తిరిగితే గబుక్కున నాన్నా అంది. నా కాలు ఒకసారి కదిలింది, అది చూసి గట్టిగా పిలిచింది. మొత్తం ముప్పై ఒక్కసార్లు. ముప్పై ఒక్కసార్లూ పలికాను.

బడి చేరేసరికి గంట మీద ఆరు నిమిషాలైంది. మీరు కాయితం మీద సంతకం చేసి చేతికిచ్చారు.

"ఎన్ని మార్కులండీ?" అని అడిగాను. అలవాటు.

"దీనికి మార్కులుండవు. దారిలో అయిదుసార్లు పిలుస్తాం, పలకాలి, అంతే. ఇవాళ నేను పిలవాల్సిన పనే లేకపోయింది" అన్నారు.

కేంద్రంలో ఇంత ఆలస్యంగా గమ్యం చేరినవాడు ఇంకొకడు లేడని మీ గుమాస్తా చెప్పాడు. అదీ రికార్డేనట.

30వ రోజు

ఇది ఆఖరి పేజీ. నిబంధన ప్రకారం ఇవాళ్టితో రాయక్కర్లేదు.

నిన్న దమయంతి ఓడెక్కింది. తన సూట్‌కేసు పట్టీ తెగిపోతే ఆ ఆకుపచ్చ ట్రంకులోనే బట్టలు సర్దుకుంది. మూత మీద పేరు అలాగే ఉంది. ఓడలో మూడు నెలలు అందరూ అమ్మని నూకరత్నం అంటారేమోనని రత్నం ఒకటే నవ్వు.

ఒక పత్రికవాళ్ళు పసుపు జెండాతో నా ఫొటో వేసి 'మహావలయం వీరుడి పతనం' అని రాశారట. పక్కింటివాళ్ళు కోపంగా తెచ్చి చూపించారు. చూశాను. ఫొటోలో రత్నం పళ్ళన్నీ కనబడుతున్నాయి, కత్తిరించి ముప్పావు స్టీరింగు పక్కన అంటించాను.

ఇవాళ ఏడింటికే బయల్దేరాం. బడిగంట కొట్టడానికి ఇంకా గంటన్నర ఉంది. వేగం: 11. మీరు అడిగారు కాబట్టి దారిలో ఏం చూశానో రాస్తున్నాను. ఎర్రయ్యమ్మ ఇవాళ మమ్మల్ని దాటలేదు, పక్కనే నడుస్తూ చేపల ధర చెప్పింది. వంతెన కింద ఎవరో చీరలు ఉతికి ఇసుక మీద ఆరేశారు, రత్నం లెక్కపెట్టింది, పద్నాలుగు. లత టీచరు కళ్ళజోడు నీలం రంగుదట. పెన్సిళ్ళు నమిలే పిల్ల పేరు సత్యవతట.

నా కుడికాలు ఇంకా తొక్కుతూనే ఉంది. అది మానేలా లేదు.

వంతెన దాటాక రత్నం నా చేతి మీదికి ఒరిగి నిద్రపోయింది. ఇవాళ నాలుగుసార్లే పిలిచింది. అయిదోసారి కోసం బడి గేటు దాకా ఎదురుచూశాను.